డప్పుకి అడ్డంగా పెట్టిన బాక్సులు

రిసెప్షన్‌కి లైవ్ ఆర్కెస్ట్రా పెట్టించాలా, డీజే పెట్టించాలా అని అడగడానికి ఇప్పటికీ భిలాయి సెక్టార్ల నుంచీ క్యాంపుల నుంచీ పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. నేను ఆ పని మానేశానని వాళ్ళకి తెలుసు. నా కీబోర్డు అల్మారా పైకెక్కి చాలాకాలమైంది, దాని మీద మా ఆవిడ వడియాల పళ్ళెం పెట్టుకుంటోంది. అయినా వస్తారు. వాళ్ళకి సలహా కావాలి, నాకు వినేవాళ్ళు కావాలి. సలహా ఒక్క ముక్కలో అయిపోతుంది కాబట్టి ముందు కథ చెబుతాను. టీ తాగినవాళ్ళు కథ అయ్యేదాకా లేవకూడదన్నది మా ఇంటి రూలు.

పగలు జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా చేసేవాణ్ణి. సాయంత్రమైతే మా ఆర్కెస్ట్రా పార్టీకి ఓనర్ని, కీబోర్డు ప్లేయర్ని, అనౌన్సర్ని, సింగర్ ఎగ్గొట్టిన రోజు సింగర్ని కూడా. మా పార్టీ మంచి ఊపులో ఉన్న రోజుల్లో ఒకసారి భిలాయి-3 స్టేషన్ పక్కన పెళ్ళికి వాయించాం. పచ్చ సిగ్నల్ ఇచ్చినా గూడ్సు బండి కదల్లేదు. డ్రైవరు చరణం అయ్యేదాకా ఆగి, చప్పట్లు కొట్టి అప్పుడు కదిలించాడు. దీనికి గార్డు సాక్షి. కానీ ఆ గార్డు తరవాత బదిలీ మీద ఎటో వెళ్ళిపోయాడు. నా సాక్షులందరికీ ఇదే జబ్బు, అవసరమైనప్పుడు బదిలీ అయిపోతారు. మా ఆవిడ నన్ను అబద్ధాలకోరంటుంది. అది అన్యాయం. నిజం కాస్త పొట్టిగా పుడుతుంది, నేను దానికి ఎత్తు మడమల చెప్పులు తొడుగుతాను, అంతే.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం వట్టి కాళ్ళతో నడిచిన నిజం.

డీజేలు ఊరి మీద పడ్డాక మాకు పిలుపులు తగ్గాయి. పెళ్ళిళ్ళు పోయి సీమంతాలు మిగిలాయి, సీమంతాలు పోయి రిటైర్మెంటు ఫంక్షన్లు మిగిలాయి. అలాంటప్పుడు క్యాంప్ 1 నుంచి కబురొచ్చింది. స్టీలు ప్లాంటు మిల్లులో క్రేను డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకు వాళ్ళు సెక్టార్‌లో ఆఫీసర్ల కుటుంబం. పెళ్ళికి సన్నాయి ఖాయమైపోయింది, పేచీ అంతా రిసెప్షన్ దగ్గరే వచ్చింది. తేల్చడానికి రెండు వైపులవాళ్ళూ పెళ్ళికూతురి ఇంట్లో కూర్చున్నారు. నన్నూ రమ్మన్నారు, డీజేనీ రమ్మన్నారు.

క్యాంప్ 1 ఇళ్ళలో ముందు గది ఎంతుంటుందో మీకు తెలుసు, మంచం వేస్తే నిండిపోతుంది. మంచం మీద పెళ్ళికొడుకు తల్లి, పక్కన పెళ్ళికూతురు. గుమ్మంలో పెళ్ళికూతురి తల్లి. కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో క్రేను పెద్దాయన. నేనూ డీజే కుర్రాడూ బీరువాకి చెరోవైపు ద్వారపాలకుల్లా నిలబడ్డాం.

పెద్దాయనకి చెవులు సరిగ్గా వినపడవు. ఏళ్ళ తరబడి మిల్లు మోత మధ్య బతికినవాళ్ళలో చాలామందికి ఉన్నదే. చెవి మిషను ఉంది గానీ, నలుగురు ఒక్కసారి మాట్లాడితే దానిలో అన్నీ కలిసి ఒకటే హోరైపోతాయట. అందుకని నలుగురిలో కూర్చున్నప్పుడు ఆయన మాటలు వినే ప్రయత్నం మానేసి, అందరి ముఖాలూ చూస్తూ నవ్వుతూ ఉంటాడు.

పెళ్ళికొడుకు తల్లి మొదలుపెట్టింది. "చూడండి, మావాడి ఫ్రెండ్సంతా రాయపూర్ నుంచి వస్తున్నారు. డీజే లేకపోతే వాళ్ళకది రిసెప్షన్‌లా ఉండదు, సంతాప సభలా ఉంటుంది."

"సంతాప సభలో కూడా వాయించానండి మేడమ్," అన్నాను. "అక్కడా వన్స్ మోర్ అన్నారు."

ఆవిడకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. డీజే కుర్రాడు అందుకున్నాడు. భిలాయిలో పుట్టినవాడు, తెలుగు వచ్చు గానీ హిందీలో మొదలెట్టి తెలుగులో దిగుతాడు.

"అంకుల్, లైవ్ మే క్యా హై? సింగర్‌కి గొంతు పట్టేసింది, ఖతం. నా దగ్గర గొంతు పట్టే ఐటమే లేదు."

వాడు నన్ను అంకుల్ అన్నందుకు ఒళ్ళు మండింది. అప్పటికి నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఎలా ఉందన్నది నాకూ మంగలికీ మధ్య విషయం.

"కరెంటు పోతే నీకు గొంతే ఉండదు కదరా," అన్నాను.

"జనరేటర్ హై నా అంకుల్. టెన్షన్ మత్ లో."

అప్పటిదాకా మాట్లాడని పెళ్ళికూతురు అత్తగారి వైపు తిరిగింది. "ఆంటీ, నాకు డీజే అయినా ఒకటే, లైవ్ అయినా ఒకటే. మా నాన్న గెంతాలి, ఆడాలి. నాకంతే కావాలి."

గుమ్మంలోంచి తల్లి అంది. "ఈ గుంటకి పెళ్ళి కుదిరిన కాడ్నించి ఇదే గోల. ఆయన గెంతడం ఎప్పుడో మానేసినాడు కదేటి."

"నువ్వు ఊరుకో అమ్మా. ఆంటీ, చిన్నప్పుడు మా లైన్లో అమ్మోరి సంబరమైతే నాన్న నన్ను భుజమ్మీద కూచోబెట్టుకుని గెంతేవాడు. నేను జుట్టు పట్టుకుని వేలాడేదాన్ని. తరవాత ఎందుకో మానేశాడు. అడిగితే నవ్వుతాడు. నేను వెళ్ళిపోయేలోపల ఒక్కసారి చూడాలి."

పెళ్ళికొడుకు తల్లి మంచి మనిషి. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. ముందు లైవ్ వాయించాలి. భోజనాల కౌంటరు మూతలు తీసేదాకా దానికి గడువు. అప్పటికి పెద్దాయన గెంతితే ఆ సాయంత్రమంతా లైవ్‌దే. లేకపోతే మేం సర్దుకోవాలి, డీజే తన ప్రయత్నం తను చేసుకుంటాడు.

ఇంతసేపూ అందరి ముఖాలూ చూస్తున్న పెద్దాయనకి భార్య చేతులూ వేళ్ళూ తిప్పి ఏదో చెప్పింది. ఆయన మిల్లులో మాట్లాడినట్టే పెద్దగా అన్నాడు. "ఏదైనా పర్లేదమ్మా. బోయినాలు బాగుంటే సాలు."

బయటికొస్తూ డీజేతో అన్నాను. "నేనొకసారి కట్టు కట్టిన కాలుని ఆడించాను. డాక్టరు చూసి, ఇక కట్టెందుకని విప్పేశాడు."

"డాక్టర్ కహా హై అంకుల్?"

"బదిలీ అయిపోయాడు."

ఇక నా బుర్ర పనిచేసిన తీరు వినండి. వినపడని మనిషి, అంటే సౌండు చాలని మనిషి. సౌండు పెంచితే వినపడుతుంది, వినపడితే గెంతుతాడు. ఎలక్ట్రీషియన్ బుర్రకి ఇంతకంటే సూటి లెక్క ఉండదు. ఉన్న స్పీకరు బాక్సులు చాలక తెలిసిన టెంట్‌హౌస్ నుంచి ఇంకా పెద్దవి తెప్పించాను. రిసెప్షన్ రోజు మధ్యాహ్నమే హాలుకి వెళ్ళి, వాటిని వేదిక ముందు వరసగా, ఒకదాని మీద ఒకటి పేర్చాను. చూస్తే కోట గోడలా ఉంది. నాకు నేనే సెల్యూట్ కొట్టుకుందామనిపించింది.

మా డ్రమ్మరు వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. వాడు పగలు మిల్లులో ఖలాసీ. క్రేను కొక్కేనికి సరుకు తగిలించి, పైన క్యాబిన్‌లో ఉన్న డ్రైవరుకి చేత్తో సైగలు చేయడం వాడి పని. సాయంత్రం ఆ చేతులతోనే ప్యాడ్ వాయిస్తాడు, జానపదం ఐటమ్ వస్తే డప్పు తీస్తాడు.

"గురూ, బాక్సులన్నీ నా ముందెట్టేసినావేటి? నేనెవలికీ కనపడను."

"నువ్వు కనపడి ఏం చెయ్యాలిరా? వినపడు, చాలు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా ఉద్యోగ జీవితంలో నేనన్న తెలివితక్కువ మాటల్లో దీన్ని మించింది లేదు. ఉన్నా, దాని సాక్షులు బదిలీ అయిపోయారు.

సాయంత్రం హాలు నిండింది. వేదికకి ఒక పక్క సోఫాలో వధూవరులు, రెండో పక్క మా పార్టీ, మా ముందు నా కోట. ముందు వరసలో పెద్దాయన కొత్త పంచె, జరీ కండువాతో కూర్చున్నాడు. ఆయన పక్క బల్ల చుట్టూ ఆయనతో మిల్లులో చేసి రిటైరైన స్నేహితులు. అందరికీ చెవుల పరిస్థితి ఇంచుమించు ఒకటే, అందువల్ల ఆ బల్ల దగ్గర ఒకరి చెవిలో చెప్పిన రహస్యం మొత్తం హాలుకి తెలిసిపోతోంది.

దేవుడి పాటతో మొదలుపెట్టి, హుషారు పాటలోకి దిగాను. బాక్సులు అదిరాయి. పెద్దాయన చెవి మిషను తీసి, జేబురుమాల్లో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. సరే, వట్టి చెవులతో వింటాడు కాబోలనుకుని సౌండు పెంచాను. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. ఇంకా పెంచాను. ఇంకా జరిగాడు. నేను పెంచడం, ఆయన జరగడం. ఆ లెక్కన ఇంకో రెండు పాటలు పాడితే ఆయన పక్క ఊరు దుర్గ్ చేరిపోయేవాడు.

ఆడవాళ్ళు కొంగులు చెవులకి అడ్డం పెట్టుకున్నారు. చంటిపిల్లలు ఏడుస్తున్నారని తల్లుల ముఖాలు చూసి తెలుసుకోవాల్సిందే, ఏడుపు వినపడదు. వేదిక ముందు ఆడడానికి వదిలిన జాగాలో ఒక్క మనిషి లేడు. పెళ్ళికొడుకు తల్లి నా వైపు జాలిగా చూసింది. కోప్పడినా బాగుండేది. డీజే కుర్రాడు తన బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్ మెడకి తగిలించుకుని, నా దగ్గరకొచ్చి చెవిలో అరిచాడు. "అంకుల్, అబ్ ఆరామ్ కరో. రెస్టు తీసుకో."

హాలు చివర భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళు గరిటెలు సర్దుకుంటున్నారు. మూతలు లేవడమే తరువాయి. సోఫాలో పెళ్ళికూతురు ఫోటోవాడు చెప్పినట్టల్లా నవ్వుతూనే ఉంది. కానీ కెమెరా పక్కకి తిరగగానే తండ్రి వైపు చూస్తోంది. ఒకసారి ఆ చూపు నా మీదికి తిరిగింది. గొప్పలు చెప్పుకుని బతికినవాడికి అలాంటి చూపు ఎదురైతే ఎలా ఉంటుందో నేను చెప్పను. వేళ్ళు తప్పుడు మెట్ల మీద పడ్డాయన్నది మాత్రం నిజం.

అప్పుడు పెద్దాయన లేచాడు.

నేరుగా వేదిక దగ్గరకి వచ్చాడు. ఆపమని చెప్పడానికే వస్తున్నాడనుకున్నాను. ఆయన నన్ను చూడలేదు. బాక్సుల గోడకి ఎడం పక్కనుంచి తొంగిచూశాడు. కుడి పక్కకి వెళ్ళి మునివేళ్ళ మీద లేచి చూశాడు. తరవాత రెండడుగులు వెనక్కి వేసి, పెట్టకూడని చోట దించిన సరుకుని చూసినట్టు నా కోటని పైనుంచి కింది దాకా చూశాడు. చూసి, తన స్నేహితుల బల్ల వైపు తిరిగి, చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు.

క్రేను పనిలో అది 'ఎత్తు' అని సైగ. వేలు కిందికి పెట్టి తిప్పితే 'దించు'. అరచేత్తో పక్కకి తోస్తే 'అటు నడిపించు'. చెయ్యి చాచి కదలకుండా ఉంచితే 'ఆగు'. క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకి కింది మనిషి కేకలు వినపడవు. అందుకని మిల్లులో పని మొత్తం ఈ చేతుల మీదే నడుస్తుంది. ఆయన ఉద్యోగమంతా పైన కూర్చుని కిందివాళ్ళ చేతులు చెప్పినట్టు చేశాడు. మొట్టమొదటిసారి కింద నిలబడి తను చెప్పాడు.

బల్ల దగ్గర బొజ్జలన్నీ ఒక్కసారి లేచాయి. చేతిలో ఉన్న కూల్‌డ్రింకులు అక్కడే ఆగిపోయాయి. నలుగురు ఒక బాక్సుని పట్టారు. ఆయన వేలు తిరిగింది, బాక్సు లేచింది. అరచెయ్యి పక్కకి కదిలింది, బాక్సు గోడ వైపు నడిచింది. వేలు కిందికి తిరిగింది, గుడ్ల ట్రే దించినంత మెల్లగా దిగింది. ఒకడు ఒక్క మాట అనలేదు. తరవాతది, ఆ తరవాతది. నేను కీబోర్డు వదిలేసి, వైర్లు తెగిపోకుండా పట్టుకుని బాక్సుల వెనకే పరిగెత్తాను. రెండు మూడు వైర్లు పీకక తప్పలేదు. హాల్లో సౌండు దిగింది, చంటిపిల్లల ఏడుపు పైకొచ్చింది.

ఆఖరి బాక్సు తప్పుకునేసరికి దాని వెనక మా డ్రమ్మరు, స్నానం చేస్తుండగా గోడ కూలినవాడిలా నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

పెద్దాయన వాడి చేతుల వైపు చూసి, 'ఎత్తు' అన్నట్టు వేలు తిప్పాడు.

వాడు ఖలాసీ కదా, నాకంటే ముందు వాడికి అర్థమైంది. ప్యాడ్ పుల్లలు పక్కన పడేసి, సంచీలోంచి డప్పు తీసి మెడకి తగిలించుకుని, వేదిక దిగి ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. ప్రతి దెబ్బకీ చెయ్యి తల దాకా ఎత్తి, కింద నుంచి క్రేను క్యాబిన్‌కి కనపడేలా ఎలా సైగ చేస్తాడో అలా కొట్టాడు. పెద్దాయన కళ్ళు ఆ చేతుల మీదే ఉన్నాయి. ముందు తల ఊగింది. తరవాత భుజాలు. పంచె ఎగ్గట్టాడు.

ఆ తరవాత గెంతాడు. మామూలుగా కాదు. ఒక కాలు మీద నిలిచి, రెండో కాలు దెబ్బకి సరిగ్గా దించుతూ, కండువా తల మీద తిప్పుతూ అమ్మోరి సంబరంలో గెంతినట్టే గెంతాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. నేను జీవితంలో వేల దెబ్బలు తప్పినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

నా పక్కన పెళ్ళికూతురి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సెవులు పోయి మానేసినాడనుకున్నాం బాబూ. కాదు. సంబరానికి డప్పులోలు పోయి డీజే బండి వచ్చింది కదా, అప్పుణ్ణించి మానేసినాడు. నాకిప్పుడు తట్టింది."

నాకూ అప్పుడే తట్టింది. ఆయన ఎప్పుడో చెవుల పని కళ్ళకి అప్పగించేశాడు. లాప్‌టాప్ మీద వంగిన మనిషిని చూస్తే ఆయనకేం వినపడుతుంది? నేనేమో చేతులతో వాయించే మనిషిని తెచ్చి, గోడ వెనక దాచాను.

పెళ్ళికూతురు అప్పటికే సోఫా దిగిపోయింది. ఫోటోవాడు "దీదీ, ఏక్ మినిట్, ఏక్ మినిట్" అంటూ వెంటపడ్డాడు. ఆ బరువైన చీర కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుని తండ్రి ముందుకొచ్చి నిలబడింది. ఆయన కూతుర్ని చూసి, భుజం తట్టుకుని చూపించాడు, ఎక్కుతావా అన్నట్టు. ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. వైరు ఒకటి చేతిలో ఉండిపోయింది, దాన్నే చూసుకుంటున్నాను.

ఇద్దరూ గెంతారు. బొజ్జలు దిగాయి. నేనూ ఆ వైరు తగిలించి మళ్ళీ కీబోర్డు పట్టాను. రాయపూర్ స్నేహితులు ఫోన్లు పైకెత్తి, వీడియోలు తీసి, తరవాత ఫోన్లు జేబుల్లో పెట్టి దిగిపోయారు. పెద్దాయన వేలు తిప్పితే డప్పు జోరెక్కేది, కిందికి తిప్పితే నెమ్మదించేది. చెయ్యి చాచి ఆపితే డప్పు ఆగేది, నా వేళ్ళు ఆగేవి, హాలు మొత్తం ఎక్కడి కాలు అక్కడ ఆగేది. అలా అందర్నీ నిలబెట్టి, ఒకసారి చుట్టూ చూసుకుని, మళ్ళీ 'ఎత్తు' అనేవాడు.

పెళ్ళికొడుకు తల్లి వైపు తిరిగి, అరచేత్తో 'ఇటు నడువు' అన్నాడు. "అయ్యో, నాకు రాదండీ," అంది ఆవిడ. ఆయనకి వినపడలేదు. చెవులు లేకపోవడంలో ఉన్న లాభం అదే. ఆవిడ వచ్చింది. వచ్చాక, రాదన్నది అబద్ధమని తేలింది, విశాఖపట్నంలో కాలేజీ రోజుల్లో ఆవిడ ఏ ఫంక్షనూ వదిలిపెట్టినట్టు లేదు. అల్లుణ్ణి మాత్రం కుర్చీలో కూర్చోబెట్టించి, స్నేహితుల చేత ఎత్తించి, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించి, పెళ్ళికూతురి పక్కన తలపాగా చెదరకుండా దించాడు. అల్లుడి ముఖంలో రంగు కాస్త మారింది, అంతే.

డీజే కుర్రాడు హెడ్‌ఫోన్ పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డాడు. పెద్దాయన గెంతుతూ గెంతుతూ వాడి బల్ల దగ్గరకెళ్ళి, కింద ఉన్న బేస్ బాక్సు మీద అరచెయ్యి ఆనించి, తలూపాడు. వాడికి బుర్ర ఉంది. పాటలు పక్కన పెట్టి, డప్పు కింద ఉత్త బేస్ ఒక్కటే మెత్తగా వదిలాడు, కళ్ళు పెద్దాయన చేతుల మీద పెట్టి. మధ్యలో నా దగ్గరకి పరిగెత్తుకొచ్చాడు. "ఉస్తాద్, ఈ చెయ్యి చాపితే క్యా మత్‌లబ్?"

అంకుల్ పోయి ఉస్తాద్ వచ్చింది. ఆ ఒక్క మాటకి వాడికి సైగలన్నీ నేర్పేశాను.

భోజనాల మూతలు తీశారో లేదో ఎవరూ చూడలేదు. వడ్డించేవాళ్ళు కూడా గరిటెలతో ఇటే వచ్చేశారు. చివరికి పెద్దాయన హాలు మధ్యలో నిలబడి, రెండు చేతులూ గుండెల ముందు కలిపి బిగించాడు. పని అయిపోయింది, అన్నీ కట్టెయ్యండని దానర్థం. డప్పు, బేస్, కీబోర్డు, కాళ్ళు, అన్నీ ఒక్క దెబ్బకి ఆగాయి. మా పార్టీ అంత శుభ్రంగా పాట ముగించడం అదే మొదలు.

ఎవరు గెలిచారని నేనూ డీజే పెళ్ళికొడుకు తల్లిని అడిగాం. ఆవిడ ఆయాసపడుతూ, "మీరిద్దరూ పోటీలో ఉన్నారా? నేను చూడలేదే," అంది.

ఆ కుర్రాడు ఆ తరవాత డప్పు లేకుండా రిసెప్షన్ ఒప్పుకోవడం మానేశాడు. వాడు ఎత్తుకుపోయింది మా డ్రమ్మర్నే, దొంగవెధవ. నేను మంచి సంబంధం దొరికిన పిల్లని పంపినట్టు పంపి, కీబోర్డు అల్మారా మీద పెట్టేశాను. పేరు పైనున్నప్పుడే దిగిపోవాలి. అందుకని మీకు నా సలహా ఒకటే. లైవ్ పెట్టుకోండి, డీజే పెట్టుకోండి, వాయించేవాడి చేతులు మాత్రం ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కనపడాలి.

నమ్మకం లేకపోతే క్యాంప్ 1కి వెళ్ళి అడగండి. ఈసారి నా సాక్షులెవరూ బదిలీ కాలేదు, అందరూ అక్కడే ఉన్నారు. కొంచెం గట్టిగా అడగండి.

ఆ రోజు భోజనాలయ్యాక పెద్దాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. జేబురుమాలు విప్పి, చెవి మిషను తీసి పెట్టుకుని, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పొగుడుతాడని తల వంచాను.

"అంతా బాగా సేసినావు బాబూ," అన్నాడు, హాలంతా వినపడేలా. "ఒక్క సౌండే కొంచెం ఎక్కువైపోనాది."